ఇంగ్లీషు బైబిలుకు మొదటి అనువాదకుడు విక్లిఫేనా? బీడ్ నుండి టిండేల్ వరకు

చీరాల చదువరి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ వందనాలు. గత ఆదివారం సాయంకాల కూడికలో ఒక ప్రసంగీకుడు మూడు మాటలు చెప్పారు. 1382 వరకు ఇంగ్లీషులో బైబిలు వాక్యం ఒక్కటి కూడా లేదని, జాన్ విక్లిఫ్ గ్రీకు మూలం నుండి దానిని మొదటిసారి అనువదించాడని, ఆ నేరానికే ఆయనను సజీవ దహనం చేశారని వారి మాట. అయితే డిగ్రీలో చదివిన ఇంగ్లీషు సాహిత్య చరిత్రలో, బీడ్ అనే సన్యాసి యోహాను సువార్తను అనువదిస్తూనే కన్నుమూశాడని ఉన్నట్టు నాకు గుర్తు. ఆయన విక్లిఫ్‌కు ఆరు వందల ఏళ్లు ముందటివాడు. వచ్చే నెల యువజనుల తరగతిలో ఇదే అంశాన్ని నేను బోధించవలసి ఉంది. పిల్లలకు తప్పు చెప్పకూడదన్న భయంతో అడుగుతున్నాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

భాషాశాస్త్ర విద్యార్థిని

చదువరి గారూ, మీ జ్ఞాపకం సరైనదే. బీడ్ మరణించినది 735లో, జారో మఠంలో. ఆయన శిష్యుడు కత్బర్ట్ రాసిన లేఖలో ఆ చివరి రోజుల వర్ణన ఉంది. యోహాను సువార్తను మొదటి నుండి ఆరవ అధ్యాయంలో ఐదు రొట్టెల సందర్భం దాకా, అంటే "ఇంతమందికి ఇవి ఏమాత్రము" అని అంద్రెయ అడిగే చోటి దాకా, ఆయన తన ప్రజల భాషలోకి మార్చాడని శిష్యుడు రాశాడు. ఆ అనువాదంలో ఒక్క పంక్తి కూడా మనకు మిగలలేదు. అందుకే చాలామంది దానిని లెక్కలోకి తీసుకోరు.

మిగిలినవి మాత్రం తక్కువేమీ కావు. వాటిని అర్థం చేసుకోవడానికి మనం బడిలో పద్యాలు చదువుకున్న తీరును గుర్తు చేసుకుంటే చాలు. పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ తరువాత తాత్పర్యం ఉండేవి కదా. పాత ఇంగ్లీషు బైబిలు కూడా దాదాపు అదే దారిలో నడిచింది. లిండిస్ఫార్న్ సువార్తలు అనే అందమైన లాటిన్ ప్రతి ఎనిమిదవ శతాబ్ది ఆరంభానిది. పదవ శతాబ్ది మధ్యకాలంలో ఆల్డ్రెడ్ అనే మతగురువు చెస్టర్-లె-స్ట్రీట్‌లో కూర్చుని, ఆ ప్రతిలోని లాటిన్ మాటల పైన చిన్న అక్షరాలతో ఇంగ్లీషు మాటలను రాసుకుంటూ పోయాడు. వాక్యంగా చదివితే అది నడవదు. ప్రతి లాటిన్ మాటకు తలపై ఒక అర్థం మాత్రమే ఉంటుంది. సువార్తలకు ఇంగ్లీషులో మనకు దక్కిన అత్యంత ప్రాచీన రూపం ఇదే. కీర్తనలకు ఇలాంటి ప్రతిపదార్థం అంతకు ముందే, తొమ్మిదవ శతాబ్దిలోనే ఉంది.

తరువాత, సుమారు 990 ప్రాంతంలో, నాలుగు సువార్తలు నడిచే వచనంగా పశ్చిమ సాక్సన్ మాండలికంలో వచ్చాయి. వీటికి లాటిన్ ప్రతి పక్కన అవసరం లేదు, వాటంతట అవే చదువుకోవచ్చు. రాజు ఆల్ఫ్రెడ్ తన శాసన సంపుటికి ముందుమాటగా నిర్గమకాండంలోని పది ఆజ్ఞలను ఇంగ్లీషులో పెట్టించాడు. అన్నిటికంటే ముందు, ఏడవ శతాబ్దిలో, విట్బీ మఠంలో పశువులు కాచే కాడ్మన్ సృష్టి కథను పాటగా పాడాడని బీడే రాశాడు. దానిని అనువాదం అనలేము. కానీ చదువు రాని జనానికి ఆదికాండం మొదట చేరినది పాటగానే.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే వ్యక్తి ఆ పదవ శతాబ్ది చివరి కాలపు సన్యాసి ఎల్ఫ్రిక్. ఆయన ఆదికాండాన్ని అనువదిస్తూనే, ముందుమాటలో తన భయాన్ని దాచుకోలేదు. యాకోబుకు ఇద్దరు అక్కచెల్లెళ్లు, వారి ఇద్దరు దాసీలు భార్యలుగా ఉన్నారని చదివిన తెలివితక్కువవాడు, తాను కూడా అలాగే బ్రతకవచ్చని అనుకుంటాడేమోనన్నది ఆ భయం. చదివేవాడు ఎలా అర్థం చేసుకుంటాడు అన్న ఆందోళన అనువాదకుడి నోటనే వినిపించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. తరువాత ఐదు వందల ఏళ్ల వాదమంతా ఈ ఆందోళన చుట్టూనే తిరిగింది.

డల్లాస్ తెలుగు

చాలా బాగా వివరించారు. ఒక సందేహం. పదవ శతాబ్దిలోనే నాలుగు సువార్తలు ఉంటే, పద్నాలుగవ శతాబ్దిలో మళ్లీ మొదటి నుండి ఎందుకు మొదలుపెట్టవలసి వచ్చింది? ఉన్నవాటినే నకలు చేసుకుంటే సరిపోయేది కదా.

భాషాశాస్త్ర విద్యార్థిని

సరిపోయేది కాదండి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత కొలువులో ఫ్రెంచి, ఆలయంలో లాటిన్ నిలిచాయి. ఇంగ్లీషు ఇంటి భాషగా, పొలం భాషగా మిగిలి, ఆ మూడు వందల ఏళ్లలో లోపల నుండే మారిపోయింది. విభక్తి ప్రత్యయాలు చాలావరకు రాలిపోయాయి, వేల ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి. మనకు తెలిసిన కొలత చెబుతాను. నన్నయ భారతం కూడా దాదాపు ఆ పదకొండవ శతాబ్ది నాటిదే. తొమ్మిది వందల ఏళ్ల తరువాత కూడా మనం వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని నన్నయను చదువుకోగలుగుతున్నాము. కానీ విక్లిఫ్ కాలపు ఇంగ్లీషువాడికి, తనకు నాలుగు వందల ఏళ్ల ముందటి సువార్తలు పరాయి భాషలాగా కనిపించేవి. మధ్యలో పని పూర్తిగా ఆగిపోలేదు. రిచర్డ్ రోల్ అనే ఏకాంతవాసి 1349లో చనిపోయే ముందు కీర్తనలన్నిటినీ వ్యాఖ్యానంతో సహా ఇంగ్లీషులో పెట్టాడు. అయినా సంపూర్ణ బైబిలు అన్న ఆలోచన ఆచరణలోకి వచ్చినది విక్లిఫ్ వర్గంతోనే. ఆ మేరకు మీ ప్రసంగీకుల మాటలో నిజం ఉంది.

పాత ప్రతుల ప్రేమికుడు

విద్యార్థిని గారు ఆపిన చోటు నుండి నేను అందుకుంటాను. విక్లిఫ్ గ్రీకు నుండి అనువదించలేదు. ఆయన బోధించిన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆ కాలంలో గ్రీకు చదివేవారు లేరనే చెప్పాలి. విక్లిఫ్ బైబిలు మొత్తం వల్గేటు నుండి, అంటే అప్పటి సభ వాడుకలో ఉన్న లాటిన్ బైబిలు నుండి వచ్చినదే. ఆయన తన చేతితో ఎంత అనువదించాడన్నది కూడా పండితుల మధ్య తేలని విషయం. ఒక ప్రతిలో బారూకు గ్రంథం మధ్యలో, వాక్యం పూర్తికాకుండానే అనువాదం ఆగి, అక్కడితో విక్లిఫ్ అనుచరుడైన నికొలస్ హెర్‌ఫర్డ్ అనువాదం ముగిసిందన్న సూచన కనిపిస్తుంది. అంటే ఇది పలువురి పని. ప్రేరణ మాత్రం విక్లిఫ్‌ది.

రెండు రూపాలు ఉన్నాయన్నది మీ తరగతిలో తప్పక చెప్పండి. 1380ల ఆరంభంలో వచ్చిన మొదటి రూపం లాటిన్‌కు కట్టుబానిసలాగా నడుస్తుంది. "ఫియాట్ లుక్స్" అన్న లాటిన్‌కు అది "బీ మేడ్ లైట్" అని రాసింది, అంటే "వెలుగు చేయబడుగాక" అన్నట్టు. కొన్నేళ్ల తరువాత వచ్చిన రెండవ రూపానికి ఒక సుదీర్ఘ పీఠిక ఉంది. అనువాదం చేసేవారెవరైనా చదవవలసిన పీఠిక అది. పేరు చెప్పని ఆ రచయిత తమ పద్ధతిని దశలుగా చెబుతాడు. అనేక పాత లాటిన్ ప్రతులను సేకరించి, పోల్చి, ముందుగా ఒక నమ్మదగిన మూలాన్ని తయారు చేసుకున్నారు. తరువాత వ్యాఖ్యానాలతో దానిని చదివారు. కఠిన పదాల కోసం పాత వ్యాకర్తలను సంప్రదించారు. చివరకు మాటకు మాట కాకుండా, భావానికి తగిన వాక్యం రాసి, పలువురి చేత దిద్దించారు.

ఆ పీఠికలో రెండు ఉదాహరణలు మన భాషవారికి ప్రత్యేకంగా రుచిస్తాయి. హన్నా ప్రార్థనలో "ప్రభువును ఆయన విరోధులు భయపడుదురు" అన్న క్రమంలో ఒక లాటిన్ వాక్యం ఉంది. లాటిన్‌కు విభక్తులు ఉన్నాయి కాబట్టి ఏ మాట ముందు వచ్చినా అర్థం చెడదు. తెలుగులో కూడా చెడదు. ఇంగ్లీషులో ఆ క్రమాన్నే పెడితే, ఎవరు ఎవరికి భయపడుతున్నారో తెలియకుండా పోతుంది. అందుచేత "ప్రభువు యొక్క విరోధులు ఆయనకు భయపడుదురు" అన్న క్రమంలోకి మార్చామని రచయిత వివరించాడు. రెండవది, "గురువు చదువుచుండగా నేను నిలుచుందును" అన్న రకం లాటిన్ నిర్మాణం. మన "గా" ఒక్కటి చేసే పనిని ఇంగ్లీషులో చేయడానికి వారు "గురువు చదివేటప్పుడు", "గురువు చదివితే" అంటూ సందర్భాన్ని బట్టి వాక్యాన్ని విప్పవలసి వచ్చింది. "దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను" అన్న మన వాక్యంలో ఆ "పలుకగా" ఎంత సులువుగా ఒదిగిందో చూడండి. లాటిన్ నుండి తెలుగుకు ఎవరైనా నేరుగా వచ్చి ఉంటే, ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషువారి కంటే తక్కువ కష్టపడేవారని నాకు అనిపిస్తుంది.

ఇక దహనం సంగతి. విక్లిఫ్ 1384 డిసెంబరు 31న లటర్‌వర్త్‌లో పక్షవాతంతో, తన ఇంటి మంచం మీదనే చనిపోయాడు. 1415లో కాన్‌స్టన్స్ మహాసభ ఆయనను మతభ్రష్టుడిగా ప్రకటించి, ఎముకలను తవ్వి తీయమని తీర్పు ఇచ్చింది. 1428లో ఆ ఎముకలను కాల్చి బూడిదను స్విఫ్ట్ నదిలో కలిపారు. తీర్పులో ప్రధానంగా ఉన్నవి ప్రభు సంస్కారం, మతాధికారుల అధికారం మొదలైన వాటి గురించి ఆయన బోధలు. అనువాదం ఒక్కదానికే అలా చేశారనడం సరి కాదు.

విజయవాడ కథోలిక

ప్రేమికుడు గారి చివరి మాటకు కృతజ్ఞతలు. దానికి కొంచెం చేరుస్తాను. "రోమా సభ బైబిలును ప్రజల భాషలో రానివ్వలేదు" అని ఒక్క వాక్యంలో చెప్పడం మా ఇంట్లో పెద్దలను బాధించేది. ఆ వాక్యం చరిత్రకు కూడా సరిపోదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆరండెల్ 1407లో ఆక్స్‌ఫర్డులో రూపొందించి 1409లో ప్రకటించిన నియమాలు, బిషప్పు గాని ప్రాంతీయ మహాసభ గాని ఆమోదించనిదే కొత్త అనువాదం చేయకూడదని, చదవకూడదని అన్నాయి. నిషేధం కఠినమైనదే, కాదనను. అయితే విక్లిఫ్ బైబిలు చేతిరాత ప్రతులు, భాగాలతో కలిపి, 250 వరకు నేటికీ మిగిలి ఉన్నాయి. మధ్యయుగపు ఇంగ్లీషు గ్రంథాలలో ఇన్ని ప్రతులు దక్కినవి చాలా అరుదు. ఒకటి సాక్షాత్తు రాజు ఆరవ హెన్రీ సొత్తు, ఆయన దానిని లండనులోని ఒక మఠానికి ఇచ్చాడు. మతభ్రష్టుల రహస్య గ్రంథం మాత్రమే అయితే రాజు ఇంట్లో ఎందుకు ఉంటుంది?

గుంటూరు పాస్టరు

సహోదరీ, మీ మాట న్యాయమైనదే. అయితే రాజు చేతిలోని ప్రతికీ, నేతపనివాడి చేతిలోని ప్రతికీ ఒకే న్యాయం జరగలేదన్నది కూడా చెప్పాలి. 1401 చట్టం మతభ్రష్టులను దహించే అధికారాన్ని ఇచ్చింది. ఆ తరువాతి విచారణలలో సామాన్యుల ఇంట ఇంగ్లీషు పుస్తకం దొరకడమే అనుమానానికి ఆధారంగా నిలిచింది. ప్రతులు మిగిలినంత మాత్రాన వాటిని చదివినవారంతా నిర్భయంగా చదివారని అనలేము.

విజయవాడ కథోలిక

అంగీకరిస్తున్నాను, పాస్టరు గారూ. ఆ తేడాను నేను కూడా చెప్పి ఉండవలసింది.

పాత ప్రతుల ప్రేమికుడు

ఇక టిండేల్ దగ్గరకు రావాలి. విక్లిఫ్‌కూ ఆయనకూ మధ్య లోకం మారింది. 1450లలో గూటెన్‌బర్గ్ అచ్చు వచ్చింది. 1516లో ఎరాస్మస్ గ్రీకు నూతన నిబంధనను బాసెలులో అచ్చు వేయించాడు. 1522లో లూథర్ జర్మన్ నూతన నిబంధన వచ్చింది. గ్లాస్టర్‌షైరుకు చెందిన విలియం టిండేల్‌కు గ్రీకు వచ్చు. 1523లో ఆయన లండను బిషప్పు టన్‌స్టల్ దగ్గరకు వెళ్లి, అనువాదం చేసుకోవడానికి ఇంట్లో చోటు అడిగాడు. ఆరండెల్ నియమం కోరినట్టు, బిషప్పు అనుమతితోనే పని మొదలుపెట్టాలని ఆయన ప్రయత్నించాడన్నది చాలామంది మరిచిపోయే విషయం. బిషప్పు తన ఇల్లు నిండిపోయిందన్నాడు. హంఫ్రీ మన్మత్ అనే బట్టల వర్తకుడు ఆదరించాడు. ఇంగ్లండులో ఈ పనికి చోటు లేదని గ్రహించి, 1524లో టిండేల్ సముద్రం దాటాడు. మళ్లీ తిరిగి రాలేదు.

1525లో కొలోనులో అచ్చు మొదలైంది. అచ్చుకూటపు పనివారి మాటల ద్వారా కోక్లేయస్ అనే పండితుడికి విషయం తెలిసి, ఆయన అధికారులకు చెప్పాడు. టిండేల్ అచ్చయిన కాగితాలను పడవలో వేసుకుని రైన్ నది మీద ఎగువకు, వర్మ్స్ పట్టణానికి పారిపోయాడు. కొలోను అచ్చులో మిగిలిన ఒకే ఒక్క ప్రతి మత్తయి 22వ అధ్యాయం మధ్యలో ఆగిపోతుంది. 1526లో వర్మ్స్‌లో పూర్తి నూతన నిబంధన వచ్చింది, చేతిలో ఇమిడే చిన్న పరిమాణంలో. బట్టల మూటల మధ్య దాచి ఓడలలో ఇంగ్లండుకు చేర్చారు. టన్‌స్టల్ వాటిని లండనులో బహిరంగంగా తగులబెట్టించాడు. ఎంత తగులబెట్టారంటే, ఆ ముద్రణ ప్రతులు నేడు ప్రపంచంలో మూడే ఉన్నాయి. వాటిలో ఒకదానికి మాత్రమే శీర్షిక పుట మిగిలింది. అది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, 1996లో గుర్తింపబడింది.

చీరాల చదువరి

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞుడిని. ఒకటి మాత్రం ఇంకా అర్థం కాలేదు. బిషప్పులు అంతగా మండిపడటానికి ఆ పుస్తకంలో ఏముంది? యోహాను 3:16 ఏ భాషలో ఉన్నా యోహాను 3:16 కదా.

గుంటూరు పాస్టరు

సహోదరా, ఇది అసలైన ప్రశ్న. నేను ఇరవై ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను, ఈ జవాబు నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. గొడవ అంతా నాలుగైదు మాటల మీద.

గ్రీకులో "ఎక్లేసియా" అని ఉన్నచోట టిండేల్ "చర్చి" అని రాయకుండా "కాంగ్రిగేషన్" అని రాశాడు. "ప్రెస్బుతెరోస్" అని ఉన్నచోట "ప్రీస్ట్" అనకుండా మొదట "సీనియర్" అని, 1534 సవరణలో "ఎల్డర్" అని రాశాడు. "అగాపే"కు "చారిటీ" కాకుండా "లవ్" అన్నాడు. "మెటనోయా"కు లాటిన్ సంప్రదాయం "ప్రాయశ్చిత్తం చేయుడి" అని చెబుతూ వచ్చిన చోట "రిపెంట్" అని పెట్టాడు. రాజు ఎనిమిదవ హెన్రీ కొలువులోని కథోలిక పండితుడు సర్ థామస్ మోర్ 1529లో ఈ మాటల మీదనే పెద్ద ఖండన రాశాడు. ఆయన కంగారు ఊరికే పుట్టినది కాదు. "ప్రీస్ట్" పోతే యాజక వ్యవస్థకు, "ప్రాయశ్చిత్తం" పోతే పాపసంకీర్తన సంస్కారానికి, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకునే ఆచారానికి, లేఖనాధారం కదిలిపోతుంది.

ఇప్పుడు మన తెలుగు బైబిలు తెరవండి. ఎక్లేసియా "సంఘము". ప్రెస్బుతెరోలు "పెద్దలు". అగాపే "ప్రేమ". మెటనోయా "మారుమనస్సు". నాలుగు చోట్లా మనం చిన్నప్పటి నుండి పలుకుతున్నది టిండేల్ వైపు మాటే. "మారుమనస్సు" అయితే ఇంగ్లీషు "రిపెంట్" కంటే కూడా గ్రీకుకు దగ్గర, ఎందుకంటే ఆ గ్రీకు మాటలో ఉన్నవి మనస్సు, మార్పు అనే రెండే. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన మాటలను మనం ఏ భయమూ లేకుండా వారం వారం చదువుకుంటున్నాము. ఈ సంగతి తెలిసిన రోజున నేను ఆ నాలుగు మాటల కింద నా బైబిలులో గీత గీసుకున్నాను.

విజయవాడ కథోలిక

పాస్టరు గారూ, మీ అనుభూతిని గౌరవిస్తూనే ఇంకొక వైపు చెప్పనివ్వండి. మేము "శ్రీసభ" అంటాము, మీరు "సంఘము" అంటారు. రెండు మాటలలోనూ ఎక్లేసియా ఉంది, కానీ రెండింటి బరువు వేరు. మోర్ భయపడినది కూడా ఈ బరువు తేడాకే. ఇంగ్లీషు అనువాదమే వద్దని ఆయన అనలేదు. తగినవారు చేసి, బిషప్పు చేతి మీదుగా తగినవారికి అందితే మంచిదేనన్నాడు. "చారిటీ" కూడా తప్పు మాట కాదు. అది లాటిన్ "కారిటాస్" నుండి వచ్చినది, అప్పటి అర్థం దానధర్మం మాత్రమే కాదు, దైవప్రేమ కూడా. చివరకు 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయంలో టిండేల్ "లవ్"ను వదిలి "చారిటీ" వైపే వెళ్లింది. "కాంగ్రిగేషన్"ను కూడా వదిలి "చర్చి"నే ఉంచింది. ఇంకొకటి, మా కథోలికులు కూడా ఊరుకోలేదు. దేశం విడిచి వెళ్లిన ఇంగ్లీషు పండితులు రీమ్స్‌లో 1582లో నూతన నిబంధనను, డూయేలో 1609, 1610లలో పాత నిబంధనను ప్రచురించారు. కింగ్ జేమ్స్ అనువాదకులు ఆ రీమ్స్ ప్రతి నుండి కూడా మాటలు తీసుకున్నారు.

భాషాశాస్త్ర విద్యార్థిని

మాటల ప్రసంగం వచ్చింది కాబట్టి ఒకటి చేరుస్తాను. లేవీయకాండం 16లో రెండు మేకలు ఉంటాయి. ఒకటి బలి అవుతుంది, రెండవది ప్రజల పాపాలను మోసుకుని ప్రాణంతో అరణ్యానికి పోతుంది. ఆ రెండవ దాని కోసం టిండేల్ 1530లో "స్కేప్‌గోట్" అన్న మాటను కల్పించాడు. అంటే తప్పించుకుపోయే మేక. మన పత్రికలు ఈ మాటకు "బలిపశువు" అని రాస్తున్నాయి. వాడుకలో అది స్థిరపడిపోయింది, తప్పు పట్టను. కానీ మూలంలో బలి కానిది ఆ మేక ఒక్కటే. "పాసోవర్" అన్న మాట కూడా ఆయన కల్పనే. మన అనువాదం అక్కడ "పస్కా" అని మూలధ్వనినే ఉంచుకుంది.

డల్లాస్ తెలుగు

తెలుగు మాట వచ్చింది కాబట్టి, మన భాషలోకి ఎప్పుడు వచ్చిందో ఎవరైనా ఒక్క మాట చెబుతారా?

పాత ప్రతుల ప్రేమికుడు

బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండగా 1730 ప్రాంతంలో తెలుగు అనువాదం చేశాడు. అది అచ్చు కాలేదు. అచ్చయిన తొలి సువార్తలు విశాఖపట్నంలో ఆగస్టస్ డెగ్రాంజెస్, ఆయనతో పనిచేసిన ఆనందరాయరు తయారు చేసినవి. అవి బెంగాలులోని శ్రీరాంపూరులో 1812లో వెలువడ్డాయి. దీని మీద వేరే చర్చ పెట్టుకుందాము, ఇక్కడ కలిపితే రెండింటికీ న్యాయం జరగదు.

చీరాల చదువరి

చివరిగా ఒక ప్రశ్న, తరువాత నేను పాఠం రాసుకోవడానికి కూర్చుంటాను. టిండేల్ పాత నిబంధనను పూర్తి చేశాడా?

పాత ప్రతుల ప్రేమికుడు

పూర్తి చేయనివ్వలేదండి. మోషే ఐదు గ్రంథాలు 1530లోనూ, యోనా ఆ వెనుకనూ వచ్చాయి. 1535లో ఆంట్వెర్ప్‌లో హెన్రీ ఫిలిప్స్ అనే ఇంగ్లీషువాడు స్నేహం నటించి ఆయనను పట్టించాడు. బ్రస్సెల్స్ దగ్గర విల్వోర్డ్ కోటలో ఏడాదికి పైగా బంధించారు. అక్కడ నుండి ఆయన లాటిన్‌లో రాసిన ఒక లేఖ మిగిలింది. చలికి తల నొప్పి పుడుతోందని వెచ్చని టోపీ, చీకటిలో ఒంటరిగా కూర్చోలేక సాయంత్రం ఒక దీపం, అన్నిటికంటే ముఖ్యంగా తన హెబ్రీ బైబిలు, హెబ్రీ వ్యాకరణం, హెబ్రీ నిఘంటువు ఇప్పించమని అందులో వేడుకున్నాడు. 1536 అక్టోబరులో ఆయనను గొంతు నులిమి చంపి, తరువాత దహించారు. మీ ప్రసంగీకులు విక్లిఫ్ పేరు మీద చెప్పినది బహుశా ఈ మరణమే.

అప్పటికే 1535లో మైల్స్ కవర్‌డేల్ తొలి సంపూర్ణ ఇంగ్లీషు ముద్రిత బైబిలును తెచ్చాడు. ఆయనకు హెబ్రీ పెద్దగా రాదు. లూథర్ జర్మన్ నుండి, లాటిన్ నుండి, టిండేల్ నుండి తీసుకున్నాడు. 1537లో టిండేల్ మిత్రుడు జాన్ రోజర్స్, టిండేల్ అచ్చువేసిన భాగాలకు తోడు, ఆయన రాతలో మిగిలినవిగా పండితులు భావించే యెహోషువ నుండి దినవృత్తాంతముల రెండవ గ్రంథం వరకు చేర్చి, మిగతాది కవర్‌డేల్ నుండి నింపి, "థామస్ మాథ్యూ" అన్న మారు పేరుతో ప్రచురించాడు. రాజు ఎనిమిదవ హెన్రీ దానికి అనుమతి ఇచ్చాడు. నిషేధించిన మనిషి మాటలను, ఆయన చనిపోయిన ఏడాది లోపే, రాజానుమతితో అమ్మారు. పుస్తకంలో ఎక్కడా టిండేల్ పేరు లేదు. పాత నిబంధన ముగిసే చోట, మలాకీ గ్రంథం చివర మాత్రం, అలంకరించిన రెండు పెద్ద అక్షరాలు అచ్చయి ఉన్నాయి: డబ్ల్యూ, టి.